ముందు హీటర్‌ని అడుగు

మా మామ పోయిన కబురు నాకు విరుదునగర్‌లో, బస్టాండు పక్కన బండి సామాన్ల అంగడి మెట్ల మీద అందింది. చేతిలో అప్పుడే కొన్న హీటర్ గొట్టం ఉంది. ఆయనే పంపాడు. "పాతది మెత్తబడి పోయిండాది మ్మా, పిసికితే నలగతా ఉండాది. ఇక్కడ దొరికేది వద్దు. విరుదునగర్ పొయ్యి మందంగా ఉండేది చూసి తీసుకురా" అన్నాడు పొద్దున. కొనుక్కుని మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. కోవిల్‌పట్టిలో మా షెడ్డు ఎదురుగా టీ అంగడి నడిపే అన్న. "అక్కా, తాతా..." అని ఆగిపోయాడు. తర్వాత తమిళంలో మెల్లగా చెప్పాడు. టీ తీసుకెళ్తే కుర్చీలో కూచున్నాయన కూచున్నట్టే ఒరిగి ఉన్నాడట, పిలిస్తే పలకలేదట. ఆస్పత్రికి ఎత్తుకెళ్తే వాళ్ళు చూసి వెనక్కి పంపేశారట.

కోవిల్‌పట్టి బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నాను. ఒళ్ళో గొట్టం. పక్క సీటులో ఒకావిడ పూలసంచి కాళ్ళ దగ్గర సర్దుకుంటూ, "ఇదేం పైపు, తోటకా?" అని తమిళంలో అడిగింది. మా మామ పోయాడని చెప్పాల్సిన నోటితో నేను ఆవిడకి హీటర్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఇంజను దగ్గర కాగిన నీళ్ళు ఒక గొట్టంలోంచి బండి లోపలికి వస్తాయి, అక్కడ ముందు పలక వెనకాల చిన్న రేడియేటర్ ఉంటుంది, దాంట్లో తిరిగి ఇంకో గొట్టంలోంచి వెనక్కి పోతాయి, దాని మీదుగా ఫ్యాను గాలి తోస్తే మనకి వెచ్చగా తగులుతుంది. ఇలా సాత్తూరు దాకా చెబుతూనే ఉన్నాను. పాపం, ఆవిడ తల ఊపుతూ విన్నది. సాత్తూరులో దిగిపోయింది. తర్వాత ఆ సీట్లో ఎవరూ కూచోలేదు. అప్పుడు ఏడ్చాను.

మామ అంటే నా భర్త తండ్రి. కోవిల్‌పట్టిలో రేడియేటర్ల పని చేసేవాడు. కార్లు, వ్యాన్లు, చిన్న లోడు బండ్లు, ఏది వేడెక్కి నిలబడినా ఆయన దగ్గరికి తోసుకొచ్చేవాళ్ళు. వాళ్ళ పెద్దవాళ్ళు ఎప్పుడో తమిళదేశం చేరిన తెలుగువాళ్ళు, అరుప్పుకోట్టైలో మగ్గాలు నేసినవాళ్ళు. ఈయన చిన్నప్పుడే మగ్గం వదిలేసి టంకం పట్టాడు గానీ మగ్గం మాత్రం ఈయన్ని పూర్తిగా వదల్లేదు. రేడియేటర్ రేకులు వంగిపోయి ఉంటే, పాత మగ్గం పన్నెలోంచి, అంటే పోగులు సర్దే దువ్వెనలాంటి దాంట్లోంచి, విరిచి దాచుకున్న ఒక ముక్కతో వాటిని దువ్వేవాడు. అంత ఓపిక నాకెక్కడిది! కోపం వచ్చినప్పుడు కూడా అదే పని. గిరాకీ మీద అరవాలనిపిస్తే నోరు మూసుకుని ఏదో ఒక రేడియేటర్ ముందేసుకుని దువ్వుతూ కూచునేవాడు. అలా దువ్వుతున్నాడంటే నేను ఆ గిరాకీని మెల్లగా టీకి పంపించేదాన్ని.

నేను పుత్తూరు పిల్లని. తెలుగు బళ్ళో చదువుకుని, అక్కడే మా ఊరి యాస పోగొట్టుకుని, పెళ్ళయి ఈ ఊరొచ్చాను. నా భర్త లారీ డ్రైవరు. అగ్గిపెట్టెల లోడు ఎత్తుకుని ఉత్తరాదికి పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆయనకి నోట్లో తమిళమే తిరుగుతుంది. మాకు పిల్లల్లేరు. అత్త నేను రాకముందే పోయింది. కాబట్టి నాకు తెలుగు మాట్లాడే మనిషి అంటే మామే. ఆయన తెలుగు వింటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు. మాటకి తమిళం 'దా' తగిలించి "అంతే దా" అనేవాడు, "యాల ఏడుస్తా ఉండావు" అనేవాడు, కొట్టుని అంగడి అనేవాడు. నేను నవ్వితే, "నీదేమి తెలుగు మ్మా, రేడియోలో వార్తలు చదివినట్టు ఉండాది. అన్నం పెట్టేదానికి కూడా అట్లా చదవాల్నా?" అని ఎదురు వెక్కిరించేవాడు. షెడ్డులో మా ఇద్దరిదీ తెలుగే. చుట్టుపక్కల ఎవరికీ అది రాదు.

వచ్చిన కొత్తలో నాకూ ఆయనకీ పెద్ద తగాదా నీళ్ళ దగ్గర వచ్చింది. మా వీధిలో తాగే నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజున ఉన్న బిందెలన్నీ నింపుకుని, మళ్ళీ వచ్చేదాకా గ్లాసు గ్లాసూ చూసి వాడుకోవాలి. మిగతా అన్నింటికీ బోరు నీళ్ళే, ఉప్పు కషాయం. అలాంటి చోట ఈయన రెండు బిందెలు ఎత్తుకుపోయి బండ్లకి పోసేవాడు. కూలెంటు మందు కలిపేది కూడా మంచినీళ్ళలోనే. ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. "మనుషులకి లేని నీళ్ళు బండ్లకా మామా?" అని గయ్యిమన్నాను. ఆయన బిందె కింద పెట్టి, "ఉప్పు నీళ్ళు పోస్తే మనకి చెప్పుకునేదానికి నోరుండాది మ్మా. దానికి యాడుండాది?" అన్నాడు. అని, నన్ను చెయ్యి పట్టి షెడ్డులోకి తీసికెళ్ళి, కోసి పెట్టిన ఒక రేడియేటర్ చూపించాడు. సన్నటి గొట్టాల నిండా తెల్లటి ఉప్పు గడ్డకట్టి ఉంది, సూది కూడా దూరదు. ఈ చుట్టుపక్కల బండ్లలో సగం ఇలాగే చస్తాయన్నాడు. ఆ రోజు నుంచి మూడో బిందె నేనే నింపి పక్కన పెట్టేదాన్ని. సణుక్కుంటూనే, అది వేరే విషయం.

పనిలోకి ఆయన నన్ను పిలిచిందీ లేదు, నేను అడిగిందీ లేదు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రేడియేటర్ మూతి దగ్గర నిలబడి నీళ్ళు చూడాలి, ఇంకొకరు సీట్లో కూచుని యాక్సిలరేటర్ తొక్కాలి. ఉన్న కుర్రాడు ఏదో మిల్లులో పని దొరికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నేను అన్నం క్యారేజీ తీసుకెళ్తే, "ఆడ కూచోని కొంచం తొక్కు మ్మా" అన్నాడు. తొక్కాను. "చాలు, విడు" అన్నాడు. విడిచాను. "మళ్ళీ" అన్నాడు. అంతే. పదేళ్ళు దాటిపోయింది, ఇప్పటికీ నన్నెవరైనా నువ్వేం పని చేస్తావని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కుడికాలే.

తొక్కుతూ తొక్కుతూనే మిగతాదంతా నేర్చుకున్నాను. బండి వేడెక్కుతోందని ఎవరొచ్చినా మామ ముందు బానెట్ ఎత్తడు. లోపల కూచుని హీటర్ వేస్తాడు. "ముందు హీటర్‌ని అడుగు, అది అబద్దం చెప్పదు" అనేవాడు. ఇంజను కాగిపోతూ ఉండి హీటర్‌లోంచి చల్లగాలి వచ్చిందంటే నీళ్ళు తిరగడం లేదని లెక్క. నీళ్ళు తగ్గిపోయి ఉండాలి, లేదా లోపల గాలి చిక్కుకుని ఉండాలి. తర్వాత ఆ రెండు గొట్టాలూ పట్టుకుని చూస్తాడు. ఒకటి వేడిగా ఒకటి చల్లగా ఉంటే లోపలి చిన్న రేడియేటర్ ఉప్పు పట్టి మూసుకుంది. రెండూ వేడిగా ఉండి గాలి మాత్రం చల్లగా వస్తుంటే నీళ్ళ తప్పేం లేదు, గాలిని మళ్ళించే తలుపు బిగుసుకుంది. రెండూ గోరువెచ్చగానే ఉంటే, ఇంజను కాగేదాకా నీళ్ళని ఆపి ఉంచే థర్మోస్టాట్‌ని ఎవడో మహానుభావుడు పీకి పారేసి ఉంటాడు.

ఆ మహానుభావుల మీద ఆయనకి భలే మంట. మా ఊళ్ళో ఇదొక ఆచారంలా అయిపోయింది. ఇంత ఎండల్లో హీటర్ ఎవడిక్కావాలని ఆ రెండు గొట్టాల్నీ ఒకదానికొకటి కలిపేసి హీటర్‌ని కోసేస్తారు. థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా ఉంటుందని అదీ తీసేస్తారు. గిరాకీలే అడిగి మరీ చేయించుకుంటారు. మామ చెయ్యడు. "ఇప్పుడు ఎండాకాలం దా అని మీ ఇంటి తలుపులు పీకేస్తావా?" అని తమిళంలో వాళ్ళని తిట్టి, నా వైపు తిరిగి, "వీనికి చెప్పేదానికన్నా ఆ గోడకి చెప్పేది మేలు" అని తెలుగులో పూర్తి చేసేవాడు. గిరాకీ ఏమన్నారని నన్నడిగితే, మీ బండి బాగుందంటున్నారని నేను చెప్పేదాన్ని.

ఆ హీటర్ పనేమిటో నేను కళ్ళారా చూసింది ఒక పెళ్ళి ప్రయాణంలో. మండువేసవి, కత్తిరి ఎండ. చుట్టాల పెళ్ళికని అద్దె వ్యాన్లో అందరం బయల్దేరాం. పట్టుచీరలు, జడగంటలు, ముందు సీట్లో మామ. ఎట్టయపురం దాటాక ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. చుట్టూ నల్లరేగడి, నీడనేదే లేదు. డ్రైవరు ఆపేస్తానన్నాడు. మామ, నీడ దొరికేదాకా మెల్లగా పోనిమ్మని, ముందు హీటర్ నిండా తిప్పాడు. ఏసీ లేదు, పైన ఎండ, కింద నుంచి ఆ వేడిగాలి! మా చిన్నత్త ఒకావిడ, "ఓరి నాయనా, మమ్మల్ని పెండ్లికి తీసుకపోతా ఉండావా, చుడుకాటికి కాల్చేదానికా?" అని అరిచింది. మామ వెనక్కి తిరిగి, "ఇంజను ఒకటే యాల మొయ్యాల? మనం నిండా మంది ఉండాము, తలా కొంచం మోస్తాము" అన్నాడు. ముల్లు దిగింది. తర్వాతి ఊళ్ళో చెట్టుకింద ఆపి, చల్లారేదాకా మూత ముట్టనివ్వకుండా కాపలా కూచుని, వదులైన బెల్టు బిగించి, నీళ్ళు పోసి తీసికెళ్ళాడు. పెళ్ళివాళ్ళు మా తడిసిన బట్టలు చూసి దారిలో వాన పడిందా అని అడిగారు. చిన్నత్త రెండేళ్ళపాటు మామతో మాట్లాడలేదు. ఆయన చనిపోయిన రోజు అందరికన్నా ముందొచ్చి, అందరికన్నా గట్టిగా ఏడ్చింది ఆవిడే.

ఇక ఆ గొట్టం సంగతి. మామ పోయే ముందు రోజు ఒక వ్యాను వచ్చింది. దాని యజమానే డ్రైవరు, మావైపు కుటుంబాలని కొండలకీ గుళ్ళకీ తిప్పుతుంటాడు. వేడెక్కుతోంది, హీటర్ చల్లగాలి ఊదుతోంది. రెండు షెడ్లలో చూపించుకుని వచ్చాడు. ఇద్దరూ ఇంజను తల, అంటే పైనుండే హెడ్డు, విప్పాల్సిందే అన్నారట, అది పెద్ద పని. కొడైకెనాల్‌కి ఒక కుటుంబాన్ని ఒప్పుకుని ఉన్నాడు, ముఖం వాడిపోయి ఉంది. మామ ఆ సాయంత్రం చాలాసేపు దానితోనే గడిపాడు. పొద్దున నన్ను విరుదునగర్ పంపుతూ, "తల ముట్టద్దు. దాంట్లో ఏమీ లే. గొట్టం దా గాలి పీలస్తా ఉండాది" అన్నాడు. నాతో ఆయన ఆఖరుగా మాట్లాడింది అదే. మంచిమాటలేవో చెప్పి పోయాడని చెప్పుకోవడానికి లేదు. వ్యాను గురించి చెప్పి పోయాడు.

నా భర్త ఎక్కడో నాగ్‌పూర్ అవతల ఉన్నాడు, వచ్చేదాకా ఐసు పెట్టెలో ఉంచాం. షెడ్డు ముందే పందిరి వేశారు. చోటు చాలక మగవాళ్ళు ఆ వ్యానుని బయటికి లాగి, పందిరి వేశాక మళ్ళీ లోపలికి తోసిపెట్టారు. పదహారో రోజు కార్యం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. నా భర్త బయల్దేరుతూ, షెడ్డు ఇచ్చేద్దామన్నాడు. ఫ్లెక్సులు వేసే అతనొకడు అడుగుతున్నాడట. "అప్పా లేకుండా నీ దగ్గరికి ఎవరు వస్తారు? ఒక్కదానివి ఏం చేస్తావు?" అన్నాడు. చెడ్డమాట కాదది, నా మీద జాలితోనే అన్నాడు. నేను, ఈ వ్యాను పని ఒకటి ముగించి చెబుతానన్నాను. మనసులో మాత్రం తేల్చుకున్నాను. ఈ బండి కొండ మీద పొగలు కక్కితే తాళం తీసి ఆ ఫ్లెక్సుల అతని చేతిలో పెట్టేయాలి. ఆ తర్వాత ఆ ఇంట్లో గోడలు చూసుకుంటూ కూచోవాలి.

మర్నాడు షెడ్డు తెరిచాను. వ్యాను యజమాని వచ్చాడు. మర్యాదస్తుడు, చావింట బండి అడగలేక కొడైకెనాల్ వాళ్ళని ఇన్నాళ్ళూ ఆపుకున్నాడట, ఇప్పుడు నా చేతుల వైపే చూస్తున్నాడు. కొత్త గొట్టం వేశాను, పట్టీలు బిగించాను, మంచినీళ్ళలో కూలెంటు కలిపి పోశాను. అతన్ని సీట్లో కూచోబెట్టి నేను మూతి దగ్గర నిలబడ్డాను. పదేళ్ళలో నేను అటువైపు నిలబడటం అదే మొదలు. తొక్కమన్నాను. బుడగలు వచ్చాయి. వస్తాయి, మొదట్లో గాలి పోవాలి. కానీ ఎంతసేపు తొక్కినా బుడగలు ఆగవు. రేడియేటర్ నీళ్ళు గుటుక్కుమని మింగుతుంది, మళ్ళీ పైకి తోస్తుంది. హీటర్ చల్లగానే ఉంది. బుడగలు ఆగకపోతే తల పోయిందని అర్థం, ఆ రెండు షెడ్లవాళ్ళూ చెప్పింది అదే. మామ పొరబడ్డాడా? అడుగుదామంటే ఎవరున్నారు? యజమాని కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, తల విప్పించేద్దామా?" అన్నాడు. కొంచెం చల్లారనివ్వండి అని చెప్పి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఏం ఒంటరితనమో చెప్పలేను. మనిషి పోయినరోజు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

అక్కడ పక్కనుంచి చూస్తే గానీ తెలియలేదు. వ్యాను ముక్కు లోపలికి ఉంది. మా షెడ్డు నేల రోడ్డు వైపు ఎత్తు, లోపలికి పల్లం. మామ ఏ బండినీ తిన్నగా లోపలికి రానిచ్చేవాడు కాదు. వెనక నుంచే రావాలి, ముక్కు రోడ్డు వైపు ఉండాలి. ఆ ఇరుకు సందులో బండి తిప్పలేక గిరాకీలు తిట్టుకునేవాళ్ళు. పనయ్యాక తేలిగ్గా బయటికి పోవడానికని నేను అనుకునేదాన్ని. ఎందుకని ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పందిరి కోసం తోసినవాళ్ళకి ఏం తెలుసు, ముక్కు ముందు పెట్టి తోసేశారు. ఇప్పుడు రేడియేటర్ మూతి పల్లంలో ఉంది, హీటర్ ఎత్తులో ఉంది. గాలి ఎప్పుడూ ఎత్తుకే పోతుంది. అక్కడే కూచుంది, బయటికి ఎలా వస్తుంది?

టీ అంగడి దగ్గరున్న నలుగుర్ని పిలిచి వ్యాను తిప్పించాను. ముక్కు రోడ్డు వైపు, ఎత్తుకి వచ్చింది. మళ్ళీ నీళ్ళు పోసి, తొక్కమన్నాను. పెద్ద బుడగ ఒకటి వచ్చింది, దాని వెనక చిన్నవి నాలుగు. ఆ తర్వాత నీళ్ళు నిలకడగా కదలసాగాయి. లోపలికి వెళ్ళి కూచుని హీటర్ వేశాను. ముందు చల్లగా, తర్వాత వెచ్చగా, తర్వాత ముఖం కాలేంత వేడిగా వచ్చింది. చాలాసేపు ఆపలేదు. యజమాని బయటనుంచి ఏమిటక్కా అని చూస్తున్నాడు. చెమటతోపాటు కళ్ళూ తుడుచుకుని దిగాను.

రెండు రోజుల తర్వాత అతను ఆ కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్ళాడు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఫోను పట్టుకుని షెడ్డులోనే తిరిగాను. ఘాట్ ఎక్కుతుంటాడు, ఇప్పుడు ముల్లు ఎక్కడుందో, ఇప్పుడు ఆపేసి ఉంటాడేమో. పొద్దు వాలుతుండగా మోగింది. వెనక పిల్లల గోల. "అక్కా, పైకి వచ్చేశాం! ముల్లు సగం కూడా దాటలేదు. ఇక్కడ చలి చంపేస్తోంది. హీటర్ వేస్తే పిల్లలంతా ముందుకొచ్చి నా మీద పడి కూచున్నారు" అని తమిళంలో గడగడా చెప్పుకుపోయాడు. అదే ఊపులో, "తాత దగ్గర చెప్పండక్కా" అన్నాడు.

అని, ఆగిపోయాడు.

"చెబుతాను" అన్నాను.

ఫోను పెట్టేసి షెడ్డు మధ్యలో నిలబడి గట్టిగానే చెప్పాను. "మామా! బండి పైకి పోయి చేరిండాది. హీటర్ వేడిగా వస్తా ఉండాదంట. షెడ్డు ఎవరికీ ఇచ్చేది లే."

రోడ్డుకి అవతల టీ తాగుతున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒక్క ముక్క కూడా వాళ్ళకి అర్థమై ఉండదు. టీ అన్న గ్లాసు కడుగుతూ, ఎవరితో మాట్లాడుతున్నావక్కా అని అడిగాడు.

ఎవరితోనూ కాదన్నా అని, తమిళంలో చెప్పాను.